పరంజా ముడి వేసిన సైకిల్

పుణే నుంచి సోలాపూర్ పోయే రోడ్డు మీద ఇందాపూర్ దాటి కొంత దూరం వచ్చాక ఒక మోటార్ సైకిల్ మా వ్యాన్ పక్కకి వచ్చింది. నడిపే మనిషి చెయ్యి ఊపుతున్నాడు. వెనక కూర్చున్న ఆవిడ కూడా ఊపుతోంది. దారి కావాలేమో అనుకుని బావ వ్యాన్‌ని కొంచెం పక్కకి జరిపాడు. వాళ్ళు ముందుకి పోలేదు. బావ ఇంకొంచెం జరిపి, అద్దంలోంచి చెయ్యి బయట పెట్టి, పొమ్మని సైగ చేశాడు. అప్పుడావిడ తల మీద కొంగు ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా మా వెనక వైపు వేలు చూపించి, సైకిల్, సైకిల్ అని అరిచింది.

వ్యాన్ ఆగీ ఆగకముందే నా మేనకోడలు దూకేసింది. నేను దిగి వెనక్కి వెళ్ళేసరికి ఆ పిల్ల కదలకుండా నిలబడి ఉంది. సైకిల్‌ని ముట్టుకోలేదు. ముందు చక్రం ఒక్కటే తాడుకి వేలాడుతోంది. మిగతాదంతా జారి రోడ్డు మీద పడింది. వెనక గేర్లు మార్చే భాగం ఉండాల్సిన చోట అరిగి మెరుస్తున్న లోహపు ముక్క మిగిలింది. మేం వచ్చిన దారి వెంట, కనుచూపు మేర, తారు మీద తెల్లటి గీత.

మర్నాడు పొద్దున సోలాపూర్‌లో ఆ పిల్ల ఆ సైకిల్ మీదే పరీక్షకి దిగాలి. ఒక ప్రభుత్వ శాఖలో ఆటగాళ్ళ కోటా కింద ఉద్యోగం. రెండేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు. ఎవరి సైకిల్ వాళ్ళే తెచ్చుకోవాలి. మొదలుపెట్టే ముందు సైకిల్‌ని తనిఖీ చేస్తారు.

బావ వచ్చాడు. ముందు కూతుర్ని చూడలేదు, సైకిల్ని చూడలేదు. తాడు అందుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"తాడు తెగలేదు," అన్నాడు.

"తెగలేదు పప్పా. ఊడింది," అంది మేనకోడలు.

పేపర్లో పనిచేసినన్నాళ్ళూ ప్రమాదం వార్త వస్తే "వాహనం అదుపు తప్పి" అని రాసి పంపేవాళ్ళం. ఏది తప్పింది, ఎక్కడ తప్పింది, ఎవరు ముందే చెప్పారు, ఎవరు వినలేదు అన్నది రాయడానికి జాగా ఉండేది కాదు. ఇక్కడ జాగా ఉంది కాబట్టి మొదట్నించీ చెబుతాను.

మా బావ, అంటే మా అక్క భర్త, చాలా ఏళ్ళు సినిమా షూటింగులకి వ్యానిటీ వ్యాన్లు నడిపాడు. నటులు మేకప్ వేసుకుని, షాట్‌కీ షాట్‌కీ మధ్య పడుకునే బండ్లు అవి. వాళ్ళు లోపల ఏసీలో పడుకుంటే ఈయన బయట చెట్టు కిందో, డ్రైవర్ సీట్లోనో కునుకు తీసేవాడు. యజమాని అన్నిటికంటే పాత వ్యాన్‌ని తుక్కు కింద వదిలించుకోబోతుంటే బావ అడిగి తెచ్చుకున్నాడు. అప్పటికి ఏసీ చచ్చిపోయింది. లోపలి బాత్రూములో నీళ్ళు రావు. చుట్టూ బల్బులున్న పెద్ద మేకప్ అద్దం మాత్రం చెక్కు చెదరలేదు. రెండు వైపులా రెండు బెర్తులు వేయించి, ఒక మూల గ్యాస్ పొయ్యి పెట్టి, బాత్రూముని బియ్యం మూటలకి వదిలేసి, దాన్ని ఇల్లు చేశాడు. అక్క ఆ బల్బుల అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకోవడం చూడటానికి మేముండే చాళ్ళోని, అంటే గదికో కుటుంబం చొప్పున కాపురముండే పాత మేడలోని, ఆడవాళ్ళు వరసగా వచ్చి వెళ్ళారు. మా గల్లీలో దానికి ఇల్లుబండి అని పేరు పడింది.

ముంబై కామాటిపురలో ఇల్లుబండి పెట్టుకోవడమంటే రోజూ పోట్లాట. మా గల్లీలో చేతిబండి తిరగడమే కష్టం. బావ దాన్ని ఫోరస్ రోడ్డు వైపు నిలిపేవాడు. పొద్దున టాక్సీవాళ్ళతో, మధ్యాహ్నం సామాను దింపుకునే దుకాణాలవాళ్ళతో, సాయంత్రం మళ్ళీ టాక్సీవాళ్ళతో గొడవ. జాగా పోతుందన్న భయంతో చాలా రాత్రులు అందులోనే పడుకునేవాడు. చాళ్ళో ఒక్క గదిలో ఇంటిల్లిపాదీ సర్దుకున్న మనిషికి అదే మొదటిసారి కాళ్ళు బారజాపుకుని పడుకోవడం. అందుకే అక్క ఏమీ అనేది కాదు.

బావ డ్రైవర్ కాకముందు సంగతి కూడా చెప్పాలి. అది లేకపోతే మిగతాది అర్థం కాదు. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి ఇళ్ళు కట్టిన మనుషుల్లో బావ వాళ్ళ నాన్న పరంజా కట్టేవాడు. వెదురు కర్రలూ కొబ్బరి తాడూ తప్ప ఇంకేం లేకుండా గోడ వెంట పైదాకా నిచ్చెనలా కట్టుకుంటూ పోవాలి. బావ చిన్నప్పుడు ఆయనతో పాటు ఎక్కాడు. స్టీరింగ్ పట్టాక కూడా ఆ ముడి ఆయన చేతుల్లోంచి పోలేదు. షూటింగుల్లో గొడుగులు కట్టాలన్నా, చాళ్ళో వినాయకుడి మంటపం వెయ్యాలన్నా, వానాకాలంలో పైకప్పు మీద టార్పాలిన్ ఎగిరిపోకుండా ఉండాలన్నా ఆయన్నే పిలుస్తారు. తాడుని ముందు రాత్రి బకెట్ నీళ్ళలో నానబెడతాడు. పొద్దున తీసి, కర్ర చుట్టూ అడ్డంగా, ఐమూలగా తిప్పి, చివర్ని లోపలికి దోపి, కాలితో తన్నిపెట్టి లాగుతాడు. ఆ ముడి గుణం ఏమిటంటే, మీద బరువు పడేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. మనుషులు ఎక్కి, ఇటుకల తట్టలు పెట్టి, సిమెంటు మోసినకొద్దీ గట్టిపడుతుంది. అందులో తప్పేమీ లేదు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళు దాన్ని నమ్ముకునే లేచాయి.

ఇక మేనకోడలు. చాళ్ళో గదుల ముందు వసారాలా ఉండే గ్యాలరీ గోడకి రెండు కొక్కేలు కొట్టించుకుని, వాటికి సైకిల్ని వేలాడదీసి పెంచుకున్న పిల్ల. పెంచుకున్న అనే మాట ఊరికే అనడం లేదు. పోటీలు మానేసిన ఒక పెద్దమ్మాయి తన సైకిల్ చట్రాన్ని ఇస్తే, దానికి చక్రాలు ఒక చోట, హ్యాండిల్ ఒక చోట, గేర్లు ఇంకో చోట సంపాదించి నెలల తరబడి కూర్చుకుంది. అల్యూమినియం చట్రం. చిటికెన వేలితో లేపొచ్చని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. ఊరు లేవకముందే దాన్ని భుజాన వేసుకుని చెక్కమెట్లు దిగి, ఫాక్‌లాండ్ రోడ్డు మీద చెత్తబండ్లు రాకముందే దాటేసి, సముద్రం ఒడ్డు దాకా పోయి తొక్కి వచ్చేది. వచ్చేసరికి కింద నీళ్ళ లైన్ దగ్గర ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. మగపిల్లాడిలా ఆ లాగూ ఏమిటని మొదట్లో అన్నవాళ్ళే తర్వాత బకెట్లు పక్కకి జరిపి దారి ఇచ్చేవాళ్ళు.

సోలాపూర్ పిలుపు వచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే ఊళ్ళో, అంటే పాలమూరు దగ్గర మా అక్క అత్తగారి ఊళ్ళో, ఎల్లమ్మ పండగ. సోలాపూర్ దారిలోనే ఉంది కదా, ఇల్లుబండి ఉంది కదా, పిల్ల పరీక్ష చూసుకుని అటునుంచి అటే ఊరికి పోదామని బావ తేల్చేశాడు. నన్ను కూడా రమ్మన్నారు. రైల్లో ఆ పిల్లని, సైకిల్ని నేను తీసుకెళ్తానని చెప్పాను. సామాను పెట్టెలో సైకిల్ వేస్తే ఎవరెక్కడ విసిరేస్తారో తెలియదని బావ అన్నాడు. మా సొంత బండిలో భద్రంగా పోతుందన్నాడు. భద్రం అనే మాట ఆయనే వాడాడు.

మేనకోడలు సైకిల్ని వ్యాన్ లోపల పెట్టమంది. మా అక్క ఒప్పుకోలేదు. అప్పటికే లోపల ఊరివాళ్ళకి చీరల మూటలు, స్టీలు సామాను, పరుపులు, ఎల్లమ్మకి బోనం కుండలు.

"లోపల పెడితే నేనేడ కూసోవాలె? కుండల మీదనా?" అంది అక్క.

అయితే వెనక సరైన స్టాండ్ కావాలని పిల్ల అడిగింది. ఎలా ఉండాలో ఆ పిల్లకి తెలుసు. పోటీలకి బండ్ల మీద వచ్చేవాళ్ళని చూసింది. స్టాండ్‌ని రేకుకి కాకుండా బండి అడుగు చట్రానికి బోల్టులతో బిగించాలి. సైకిల్‌ని దాని చట్రం దగ్గర రెండు చోట్ల పట్టుకునే క్లాంపులు ఉండాలి. రెండు చక్రాలనూ బకిల్ ఉన్న పట్టీలతో కింద కమ్మీకి బిగించాలి. టైరు పొగగొట్టానికి ఎదురుగా ఉండకూడదు. లైట్లు, నంబరు ప్లేటు కనిపించాలి. బయల్దేరిన కాసేపటికి ఒకసారి ఆపి, దిగి, అన్నీ కదిలించి చూసి మళ్ళీ బిగించాలి. ఇదంతా తండ్రికి మరాఠీలో, హిందీలో, చివరికి తెలుగులో కూడా చెప్పింది.

బావ సగం విన్నాడు. ఫోరస్ రోడ్డులోని వెల్డింగ్ దుకాణంలో ఇనప గొట్టాలతో రెండు చేతులున్న స్టాండ్ చేయించాడు. పిల్ల చెప్పినట్టే అడుగు చట్రానికి బోల్టులు వేయించాడు. ఇప్పటికీ ఆ స్టాండ్‌లో వంక చెప్పడానికి లేదు. కానీ క్లాంపులు, పట్టీలు అనేసరికి నవ్వాడు. ప్లాస్టిక్ పట్టీల మీద నమ్మకం పెట్టేంత ఖర్మ పట్టలేదన్నాడు. ఆ రాత్రే గది మూల స్నానాలు చేసే మోరీలో బకెట్ పెట్టి కొబ్బరి తాడు నానేశాడు. అది చూసి మేనకోడలు నా దగ్గరికి వచ్చి, "మామా, నువ్వైనా చెప్పు," అంది. నేను చెప్పాను. పేపరు పని పేపర్లో చూసుకోమన్నాడు.

బయల్దేరే రోజు పొద్దున ఫోరస్ రోడ్డు పక్కన చాళ్ళో సగం మంది ఉన్నారు. బావ సైకిల్ని స్టాండ్ మీద పెట్టి ముడులు వేశాడు. చూడముచ్చటగా వేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చుట్టు మీద చుట్టు, ఎక్కడా వదులు లేదు. తర్వాత దుమ్ము పడకుండా నీలం రంగు ప్లాస్టిక్ కప్పి దాని మీద ఇంకో తాడు. అందరూ చూస్తుండగా స్టాండ్ రెండు చేతులకీ చుట్టిన తాడు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడాడు. పరంజా కట్టినవాళ్ళు ఇంకొకర్ని ఎక్కించే ముందు అలా తామే వేలాడి చూస్తారు. ముడి కిర్రుమంది, ఇంకా బిగిసింది. ఈసారి సైకిల్ చట్రాన్ని పట్టుకుని వేలాడబోతే మేనకోడలు చెయ్యి అడ్డం పెట్టింది.

"కిందికి కాదు పప్పా. కింద నుంచి పైకి ఎత్తి చూడు."

"మా నాయిన కట్టిన పరాంచి మీద మనుషులు ఇటుకలు మోసుకుని నడిసిండ్రు. దీనికేం బరువున్నది బిడ్డా?"

"బరువు కాదు, ఝట్కా. గాడీ ఎగిరితే ఇదీ ఎగురుతది."

"సైకిల్ పైకి ఎగురుతదా?" అన్నాడు బావ, చుట్టూ చూసి.

అందరూ నవ్వారు. పైన గ్యాలరీలోంచి పక్కింటావిడ, "ఎగిరితే నీ బిడ్డనే ఎగరాలె, నౌకరీ కొట్టుకొచ్చి," అంది. ఆ మాటకి పిల్ల కూడా నవ్వక తప్పలేదు. మాటలో దీవెన ఉంది కాబట్టి వాదన అక్కడితో ఆగిపోయింది. కొబ్బరికాయ కొట్టారు. ఎవరూ పైకి ఎత్తి చూడలేదు.

దారిలో ఏదీ సవ్యంగా జరగలేదు. ఘాట్ ఎక్కకముందే పోలీసు ఆపాడు. వేలాడుతున్న నీలం ప్లాస్టిక్ వల్ల నంబరు ప్లేటు కనపడటం లేదు. బావ దిగి, తన షూటింగుల కాలం సంగతులన్నీ చెప్పి, ఏ నటుడు ఎంత మంచివాడో వివరించాడు. పోలీసుకి నటుల మీద ఆసక్తి లేదు. చివరికి బిస్కెట్ల డబ్బా అట్ట చింపి, దాని మీద నంబరు రాసి, సైకిల్ వెనక, స్టాండ్ కొసకి కట్టేదాకా వదల్లేదు. అట్టకి కూడా బావ అదే ముడి వేశాడు. అప్పుడు మేనకోడలు దిగి సైకిల్ని ఒకసారి చూస్తానంది. ఎండ ఎక్కుతోంది, పోలీసు మళ్ళీ మనసు మార్చుకుంటాడేమో అని బావ కంగారు. పుణే దాటాక ఆపుతానన్నాడు. పుణే దాటాక ట్రాఫిక్‌లో ఆపడానికి జాగా లేదన్నాడు. ఆ పైన రోడ్డు బాగుంది, ఇప్పుడెందుకన్నాడు.

భోజనానికి ఇందాపూర్ ముందు పెద్ద రోడ్డు దిగి పక్కదారి పట్టాం. అక్కడ వరసగా స్పీడ్ బ్రేకర్లు. బావ మంచి డ్రైవర్, నెమ్మదిగానే దాటించాడు. అయినా ఆ వ్యాన్ ఆకారం అలాంటిది. వెనక చక్రాలు దాటాక కూడా బండి చాలా దూరం వెనక్కి పొడుచుకుని ఉంటుంది. ముందు కూర్చున్నవాడికి చిన్న కుదుపు తగిలితే ఆ కొసన ఉన్నది అంతెత్తున లేచి పడుతుంది. వెనక బెర్తు మీద కూర్చున్న మేనకోడలికీ నాకూ ప్రతి బ్రేకర్ దగ్గరా తల పైకప్పుకి తగలబోయింది. మేం ఎంత ఎగిరామో మా వెనక సైకిల్ అంతకంటే ఎక్కువ ఎగిరింది. ఎగిరిన ప్రతిసారీ ముడి మీద బరువు లేకుండా పోయింది. బరువు లేనప్పుడు ఆ ముడి పట్టుకోదు. పైగా నీలం ప్లాస్టిక్‌లో గాలి దూరి సైకిల్ని లాగుతూనే ఉంది. ఇవన్నీ నేను తర్వాత ఆలోచించి చెబుతున్నవి. ఆ పిల్ల ముందే చెప్పినవి.

ఢాబా దగ్గర కూడా చూడలేదా అని అడగొచ్చు. ఆ పిల్ల చూసింది. ప్లాస్టిక్ మీద నుంచి చేత్తో తడిమి, కదులుతోందని చెప్పింది. ప్లాస్టిక్ విప్పాలంటే మీది తాడు విప్పాలి, మళ్ళీ కట్టాలంటే తాడు నానబెట్టాలి, అప్పటికి చీకటి పడుతుందని బావ అన్నాడు. ప్లాస్టిక్ కదులుతోంది, సైకిల్ కాదని కూడా అన్నాడు. మేమందరం అన్నాల ముందు కూర్చుని ఉన్నాం. ఆ పిల్ల సగం అన్నంలోనే లేచిపోయింది.

కాబట్టి రోడ్డు పక్కన ఆయన తాడు తెగలేదని అన్నప్పుడు నాకు ఎంత చిరాకు వేసిందో చెప్పలేను. తెగలేదన్నది నిజమే. నీలం ప్లాస్టిక్ మాత్రం చిరిగి పీలికలైంది. ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి, వాటి మధ్యలోంచి సైకిల్ జారిపోయింది. అన్నిటికంటే మండించింది ఏమిటంటే, నంబరు రాసిన బిస్కెట్ల అట్ట ఇంకా గట్టిగా కట్టి ఉంది.

మోటార్ సైకిల్ దంపతులు కాసేపు ఉండి, నీళ్ళు ఇచ్చి, వెళ్ళిపోయారు. అక్క అప్పుడు దిగింది. రోడ్డు మీది తెల్ల గీతని చూసింది, కూతురి మొహం చూసింది. లోపలికి పోయి పరుపులు బయటికి విసరడం మొదలుపెట్టింది. బోనం కుండలని ఒడిలో పెట్టుకుంటానంది. మేనకోడలు సైకిల్ చక్రాలు రెండూ విప్పింది. చట్రాన్ని బావ, నేను లోపలికి ఎత్తాం. రెండు బెర్తుల మధ్య సరిగ్గా పట్టింది. ఒక్క అంగుళం కూడా సర్దుకోనక్కర్లేకుండా, దాని కోసమే కొలిచి వదిలినట్టు పట్టింది. ఎవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పరుపుల్ని తీసుకెళ్ళి వెనక స్టాండ్ మీద కట్టాం.

సోలాపూర్‌లో సైకిల్ బాగుచేసే ఒకాయన దుకాణం మూసేస్తూ కూడా మా కోసం ఆగాడు. వెనక చక్రం కమ్మీలు సరిచేశాడు. గేర్లు మార్చే భాగం వేరే పాత సైకిల్ది తీసి వేశాడు. తిప్పి చూస్తే చక్రం తిరిగింది, గొలుసు ఎక్కింది. అప్పుడు ఆయన వెనక ఇరుసు దగ్గర, చట్రం గొట్టం అతుకు మీద వేలు పెట్టి ఆగాడు. అక్కడ రంగు మీద వెంట్రుక లాంటి గీత. రోడ్డుకి ఒరుసుకున్న వైపే. రంగు పగిలిందో, లోపల లోహం పగిలిందో చెప్పలేనన్నాడు. నెమ్మదిగా తొక్కితే ఏం కాదన్నాడు. పరీక్షలో నెమ్మదిగా తొక్కరని మేనకోడలు చెప్పింది.

మర్నాడు తనిఖీ దగ్గర ఉన్న పెద్దాయన మంచివాడే. సైకిల్ని తిప్పించి, వంగి, అదే గీత మీద గోరు పెట్టాడు. ఎలా జరిగిందని అడిగాడు. బావ చెప్పబోయాడు. మేనకోడలు తండ్రి చెయ్యి పట్టుకుని ఆపి, బండి మీద తెస్తుంటే పడిందని తనే మరాఠీలో చెప్పింది. ముడి ఊసు, తాడు ఊసు ఎత్తలేదు. ఆయన తల ఊపాడు. వేగంలో ఉండగా ఆ అతుకు విడిపోతే వెనక వచ్చేవాళ్ళు కూడా పడతారు, నేను దిగనివ్వలేనన్నాడు. వేరే సైకిల్ ఎవరైనా ఇస్తే తొక్కవచ్చా అని నేను అడిగాను. ఎవరి సైకిల్ మీద వాళ్ళేనని నియమం ఉంది, పైగా ఇక్కడున్న ఏ సైకిల్ కూడా ఈ పిల్ల ఎత్తుకి సరిపోదు అన్నాడు. రాలేకపోయినవాళ్ళకీ, ఇలా ఆగిపోయినవాళ్ళకీ మళ్ళీ ఒకసారి పెడతారని, పిలుస్తారని చెప్పాడు. ఎప్పుడని అడిగితే, పైనుంచి రావాలన్నాడు.

మిగతా పిల్లలు తొక్కడం మొత్తం చూసి కానీ ఆ పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు. ఎవరు ఎక్కడ గేర్ మార్చారో నాకు చెబుతూ ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో ఆపమనలేకపోయాను. బావ మైదానం బయట ఇల్లుబండి దగ్గర నిలబడి స్టాండ్ మీది పరుపుల తాడు విప్పుతూ, కడుతూ, కింద నుంచి పైకి నెట్టి చూస్తూ ఉన్నాడు. పైకి నెట్టినప్పుడల్లా ముడి వదులయింది. దానికి ఎన్ని చుట్లు వేసినా అయింది. చాలాసేపు ఆ పనే చేశాడు.

పండగకి వెళ్ళాం. కుండలు ఉన్నాయి కాబట్టి వెళ్ళక తప్పదు. ఊళ్ళో ఇల్లుబండి చూడటానికి జనం వచ్చారు. బల్బుల అద్దంలో అందరూ మొహాలు చూసుకున్నారు. బెర్తుల మధ్య పడుకోబెట్టిన సైకిల్ని చూసి, "గిదేంది బిడ్డా, మనుషులు కూసునే జాగల పండుకున్నది?" అని ఒక ముసలావిడ అడిగింది. దానికి ఒంట్లో బాగాలేదని మేనకోడలు చెప్పింది. ఆవిడ సైకిల్ సీటుకి కూడా పసుపు రాసి వెళ్ళింది.

తిరిగొచ్చాక ఆ గీతని ముంబైలో ముగ్గురికి చూపించాం. ఒకాయన రంగు గీకి చూశాడు. గీకితే గీత పోలేదు, కానీ అది అతుకు వేసినప్పటి అంచు అయి ఉండొచ్చన్నాడు. రెండో ఆయన పగులే అన్నాడు. మూడో ఆయన పగులయితే ఈపాటికి తెరుచుకునేదన్నాడు. అల్యూమినియం కాబట్టి మళ్ళీ వెల్డింగ్ చేస్తే ఆ చోటు మెత్తబడుతుందని ముగ్గురూ అన్నారు. ఆ ఒక్క విషయంలో ముగ్గురిదీ ఒకటే మాట.

బావ ఇప్పుడు తాడు ఊసెత్తడం లేదు. బకిల్ ఉన్న పట్టీలూ క్లాంపులూ తనే వెతికి తెచ్చి స్టాండ్‌కి బిగించాడు. ఖాళీ స్టాండ్. వచ్చేపోయేవాళ్ళకి వాటి గురించి కూతురు చెప్పిన మాటలే తన మాటల్లా చెబుతాడు. మొన్నొక పొద్దున నేను గ్యాలరీలోకి వచ్చేసరికి సైకిల్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పెన్సిల్. గీత రెండు కొసల దగ్గరా సన్నగా అడ్డగీతలు గీశాడు.

మా చాళ్ళోవాళ్ళకి అదేమిటో చెప్పనక్కర్లేదు. మెట్ల పక్క గోడకి పెద్ద పగుళ్ళున్నాయి. బిల్డింగు పరిస్థితి చూడటానికి వచ్చినవాళ్ళు ఆ పగుళ్ళకి అడ్డంగా గాజు ముక్కలు అతికించి వెళ్ళారు. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టు. మేం పొద్దునా సాయంత్రం ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ గాజు వంక చూసుకుంటాం.

"ఈ గీత పెన్సిల్ దాటితే పగులు. దాటలేదంటే ఏం లేదు," అన్నాడు బావ.

మేనకోడలు లోపల్నుంచి టీ గ్లాసులు తెచ్చి ఒకటి తండ్రికి ఇచ్చింది. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది.

"తొక్కకుంటే అది ఎట్ల దాటుతది పప్పా?"

బావ టీ తాగాడు. తొక్కితే తప్ప తెలియదు. పగులే అయితే, తెలిసే చోటు ఏదో ఒక రోడ్డు మీద, మంచి వేగంలో ఉన్నప్పుడు. అలా తొక్కి చూడమని చెప్పే నోరు మాలో ఎవరికీ రాలేదు. ఆ పిల్ల ప్రస్తుతం పొద్దున్నే ఒక స్నేహితురాలి సైకిల్, తన ఎత్తుకి మించిన సైకిల్ మీద, సీటు పూర్తిగా దించి, సముద్రం దాకా పోయి వస్తోంది. మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయని నాకు మాత్రం చెప్పింది.

సోలాపూర్ నుంచి పిలుపు రాలేదు. సైకిల్ గ్యాలరీలో రెండు కొక్కేలకి వేలాడుతోంది. గీత ఇప్పటిదాకా పెన్సిల్ గుర్తుల లోపలే ఉంది.